చెదిరిన గొంతులు – ఒక్క పాట



పాట లేని వార్షికోత్సవం మన హాస్టళ్లలో జరగదు. ముఖ్య అతిథి ఏం మాట్లాడాడో మరునాటికే మరిచిపోతాం. కానీ ఆ రాత్రి ఎవరు ఏ పాట పాడారో, ఎవరు డప్పు కొట్టారో పదేళ్ల తర్వాత అడిగినా చెప్పగలం. నల్లగొండ, పాలమూరు నేలే అలాంటిది. సుద్దాల హనుమంతు పాట నడిచిన నేల ఇది. భువనగిరి బెల్లి లలిత గొంతెత్తిన నేల ఇది. గోరటి వెంకన్న ఇక్కడివాడే. పన్నెండు మెట్ల కిన్నెర పట్టిన దర్శనం మొగులయ్య ఇక్కడివాడే. పాట మనకు ఎవరూ దానం చేసింది కాదు, తాతల నుంచి వచ్చిన ఆస్తి. చాలామందికి అదొక్కటే ఆస్తి.

అయితే పాడేవాళ్లు ఇప్పుడు ఒక్కచోట లేరు. ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, ఒకే దుప్పటి కింద ఇద్దరం ముగ్గురం పడుకున్న వాళ్లం ఇప్పుడు తలా ఒక దిక్కు. ఒకరు పుణెలో సెంట్రింగు పనికి, ఒకరు భివండీలో పవర్‌లూమ్ దగ్గర, ఒకరు గల్ఫ్‌లో, ఇంకొకరు హైదరాబాద్ కోచింగ్ సెంటర్లో. పాలమూరు అంటేనే వలస అని లోకం చెప్పుకుంటుంది. నల్లగొండ చేనేత కుటుంబాలు భివండీకి, షోలాపూర్‌కు పోయి తరాలు దాటింది. వార్షికోత్సవానికి రమ్మంటే మూడు రోజుల కూలి, రైలు ఖర్చు రెండూ పోతాయి. రాలేనివాణ్ని రాలేదని ఎట్లా అంటాం?

అందుకే ఈసారి పాత విద్యార్థులం, ఇప్పటి విద్యార్థులం కలిసి ఒక పాట చేయాలనుకున్నాం. ఎవరున్న చోట వాళ్లు ఫోన్లో పాడి పంపాలి, అన్నింటినీ ఒక్క వీడియోగా కూర్చి వార్షికోత్సవం రోజు తెర మీద వేయాలి. ఈ మాట అనుకోగానే ముందుకొచ్చిన ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్? ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. మా ఇళ్లల్లో మేమే మొదటి డిగ్రీవాళ్లం. కంప్యూటర్ మీద చెయ్యి పెట్టింది కాలేజీ ల్యాబులోనే. అయినా ఈ ఎంపికను తెలిసినవాళ్లకు వదిలేసి ఊరుకోకూడదని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ఈ పద్ధతి కొత్తది కాదు

1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. దేశం నలుమూలల కళాకారులను ఎక్కడివాళ్లను అక్కడ చిత్రీకరించి ఒక్క పాటగా చేశారు. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా అందులో కనిపిస్తారు. దానికి అప్పట్లో కెమెరా బృందాలు, స్టూడియోలు, ప్రభుత్వ అండ కావాల్సి వచ్చాయి. 2010లో అమెరికా స్వరకర్త ఎరిక్ విటాకర్ 12 దేశాల నుంచి 185 మంది గొంతులను ఒక్క బృందగానంగా కూర్చాడు. పాడినవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని రికార్డు చేసి పంపినవారే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సినిమావాళ్లూ ఇదే దారి పట్టారు. సంగీత దర్శకుడు కోటి చేసిన కరోనా పాటలో చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయిధరమ్ తేజ్ ఎవరింట్లో వాళ్లుండి కనిపించారు. సినిమా పాట తయారీలో కూడా ఎవరి గొంతు వాళ్లది వేరువేరు ట్రాకుల మీద ఎక్కించి తర్వాత కలపడం ఏనాటి నుంచో ఉన్నదే. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో మొగులయ్య గొంతు వినిపించాక కిన్నెర అంటే ఏమిటో పట్నం పిల్లలకు తెలిసింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక మారుమూల గొంతు సరైన చోట, సరైన తీరులో కలిస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

అసలు పని ఏమిటి?

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు అది చేయాల్సిన పని తెలియాలి. వీడియో కాల్‌లో అందరం ఒకేసారి పాడితే చాలదా అని తమ్ముళ్లు అడిగారు. చాలదు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఆ ఆలస్యం తెలియదు. ఇంటర్నెట్‌లో మాట చేరడానికి సెకనులో పదో వంతో, అంతకంటే ఎక్కువో పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల దరువులో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. అందులో పదో వంతు జారినా దరువు కుంటుతుంది. పైగా కాల్ యాప్‌లు మాట కోసం చేసినవి. ఒక గొంతు లేస్తే మిగతా గొంతులను అణిచేస్తాయి. మనకు కావాల్సింది సరిగ్గా దానికి ఎదురు.

కాబట్టి ముందు డప్పు, ఒక గొంతు కలిపి దారి చూపే పాటను రికార్డు చేసి అందరికీ పంపాలి. ప్రతి ఒక్కరూ ఇయర్‌ఫోన్లో దాన్ని వింటూ, తమ గొంతు మాత్రమే ఫోన్లో పడేలా పాడాలి. మొదట నాలుగు ఉత్త దెబ్బలుండాలి. నాలుగో దెబ్బకు అందరూ ఒక్క చప్పట్టు కొట్టాలి. ఆ చప్పట్టు కంప్యూటర్ తెర మీద సూదిలా నిలబడి కనిపిస్తుంది. అన్ని సూదులనూ ఒక వరుసకు తెస్తే సగం పని అయినట్టే. ఇయర్‌ఫోన్ తీగది అయి ఉండాలి. బ్లూటూత్‌ది వాడితే వినడమే ఆలస్యం, పాడటమూ ఆలస్యమే.

ఆ తర్వాత రెండు పనులు. ఒకటి, గొంతులన్నింటినీ కలిపి, హెచ్చుతగ్గులు సరిచేసి ఒక్క శబ్దంగా చేయడం. రెండు, బొమ్మలన్నింటినీ గళ్లుగా పేర్చి ఆ శబ్దానికి జోడించడం. ఈ రెంటినీ విడివిడిగా చేస్తేనే పని సులువు. చెవితో చేసే పనిని, కంటితో చేసే పనిని ఒకేసారి పెట్టుకుంటే రెండూ చెడతాయి.

ఎదురుగా ఉన్న దారులు

మొదటి దారి ఫోన్ యాప్‌లు. కైన్‌మాస్టర్ లాంటివి మన పిల్లలు కళ్లు మూసుకుని వాడతారు. ఇద్దరు ముగ్గురి పాటకు అవి చాలు. కానీ ఎన్ని వీడియోలు ఒకదానిమీద ఒకటి పెట్టొచ్చన్నది ఫోను బలాన్ని బట్టి ఉంటుంది. పదహారు మందిని పేర్చమంటే మన ఫోన్లు వేడెక్కి ఆగిపోతాయి. ఉచితంగా వాడితే వీడియో మీద కంపెనీ ముద్ర పడుతుంది. పాటను గళ్లుగా కూర్చడానికే పుట్టిన అకాపెల్లా లాంటి యాప్‌లూ ఉన్నాయి. ఒక్కరే నలుగురిలా పాడుకోవడానికి అవి సరదాగా ఉంటాయి.

రెండో దారి ఇంటర్నెట్‌లోనే పనిచేసేవి. సింగపూర్ కంపెనీ బ్యాండ్‌ల్యాబ్ దానికి మంచి ఉదాహరణ. దూరాన ఉన్నవాళ్లు ఒకే పాట మీద తలా ఒక ట్రాక్ ఎక్కించుకోవచ్చు. కానీ అది శబ్దానికి మాత్రమే. పైగా రోజంతా నెట్ ఉండాలి. సాయంత్రం కరెంటు, సిగ్నల్ రెండూ ఉండే ఊళ్లు మనకెన్ని?

మూడో దారి పెద్ద స్టూడియోల సాఫ్ట్‌వేర్. అడోబ్ ప్రీమియర్‌కు నెలనెలా అద్దె కట్టాలి. కట్టలేక దొంగ కాపీ ఎక్కించుకునేవాళ్లను చూస్తున్నాం. ఆ కాపీతో పాటు వైరస్ కూడా వస్తుంది. డావిన్సీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది, ముద్ర కూడా వేయదు, నిజంగా గొప్ప పనిముట్టు. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉంటే గాని ఊపిరాడదు. ఎద్దు లేనివాడికి ట్రాక్టర్ నాగలి ఇచ్చినట్టుంటుంది.

నాలుగో దారి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. శబ్దానికి ఆడాసిటీ, బొమ్మకు కేడెన్‌లైవ్ లేదా షాట్‌కట్. మా ఓటు దీనికే.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

ఉచితం అన్న మాట మనకు కొత్త కాదు. ఉచిత భోజనం, ఉచిత పుస్తకాలు, ఉచిత దుప్పటి అని మనల్ని చూపి అనే మాటలు విని పెరిగాం. కాబట్టి ఉచితంలో ఎన్ని రకాలున్నాయో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇచ్చినవాడి పేరు ప్లేటు మీద కొట్టించి ఇచ్చేది ఒక రకం. హక్కుగా వచ్చేది ఇంకో రకం. వీడియో మూల మీద కంపెనీ ముద్ర వేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ మొదటి రకం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రెండో రకం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఈ ఉద్యమం చెప్పేది ఒక్కటే: వాడే హక్కు, లోపల ఎట్లా పనిచేస్తుందో చూసే హక్కు, మార్చుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు వాడేవాడివే. తెలుగు నేల మీద ఈ మాటను ప్రచారం చేస్తున్న సంస్థ పేరే 'స్వేచ్ఛ'. ఆడాసిటీని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు, 2000 సంవత్సరంలో జనానికి అందింది. కేడెన్‌లైవ్ 2002లో మొదలైంది. ఇన్నేళ్లుగా ఎందరో కలిసి దాన్ని పెంచుతున్నారు. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క హాస్టల్‌కు ఇస్తే నేరం కాదు, మెచ్చుకోవాల్సిన పని.

ఇందులో ఇంకొక సంగతి ఉంది. టిక్‌టాక్‌లో డ్యూయెట్ అనే ఏర్పాటు ఉండేది. ఒకరి పాట పక్కన ఇంకొకరు పాడి జోడించేవారు. మన ఊళ్లల్లో కూలి పని చేసే ఆడోళ్లు కూడా దాన్ని నేర్చుకున్నారు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. నిషేధం తప్పా ఒప్పా అన్న చర్చ ఇక్కడ వద్దు. కానీ యాప్ పోయిన రోజు దాంట్లో దాచుకున్న పాటలూ కళ్ల ముందు నుంచి పోయాయి. పాటను పరాయి ఇంట్లో దాచుకుంటే ఇంతే. మన ఫైళ్లు మన హార్డ్‌డిస్క్‌లో ఉండాలి, వాటిని తెరిచే పనిముట్టు కూడా మన చేతిలో ఉండాలి.

మన కంప్యూటర్‌కు తగ్గట్టు

పాత కంప్యూటర్‌లో పదహారు వీడియోలు కదులుతాయా అని అనుమానం రావచ్చు. ఒక లెక్క చూడండి. 1920 × 1080 తెరను నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా కోస్తే ఒక్కో గడి 480 × 270 మాత్రమే. కాబట్టి ఎవరూ పెద్ద సైజులో తీసి పంపాల్సిన పనిలేదు, 1280 × 720 చాలు. కేడెన్‌లైవ్‌లో, షాట్‌కట్‌లో ప్రాక్సీ అనే ఏర్పాటు ఉంది. పని చేసేటప్పుడు చిన్న నకలు వాడుకుని, చివర్లో అసలు వీడియోతో పూర్తిచేస్తుంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ మీద నెమ్మదిగానైనా పని సాగుతుంది. రాత్రి పూట పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి వీడియో తయారు.

ఫోన్ కెమెరాతో ఒక చిక్కుంది. సెకనుకు 30 ఫ్రేములు తీస్తానని చెబుతుంది గాని వెలుతురు తగ్గితే ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు పాట మొదట్లో పెదాలూ గొంతూ కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకొక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ముందే ఫ్రేముల లెక్కను స్థిరం చేసుకుంటే ఆ బాధ ఉండదు. వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. పేర్లు వేసేటప్పుడు యూనికోడ్ తెలుగు వాడాలి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంటులో కొట్టించి తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి.

సాఫ్ట్‌వేర్‌కు తెలియనివి

ఎంత మంచి పనిముట్టయినా దానికి డప్పు తెలియదు. సెగ చూపించి బిగించిన డప్పు మీద సిర్ర పడితే వచ్చే మోత ఫోన్ మైకు తట్టుకోలేదు. ఫోను తనంతట తాను శబ్దం తగ్గించేస్తుంది. పెద్ద దెబ్బ, చిన్న దెబ్బ ఒకటే అయిపోతాయి. అందుకని డప్పుకు పది అడుగుల దూరంలో ఫోను పెట్టాలి. గోల తీసేసే మీటను నొక్కినప్పుడు గాలి చప్పుడుతో పాటు డప్పు తోలు చివరి గునుపు కూడా పోతుంది. గోల ఏదో, మోత ఏదో తేల్చాల్సింది మన చెవి. మన మోతను గోల అన్నవాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు. ఆ పని మళ్లీ కంప్యూటర్‌తో మనమే చేయించకూడదు.

గొంతును సాపు చేసే ఆటోట్యూన్ సంగతీ ఇంతే. పొలంలో నాట్లు వేస్తూ అమ్మలు పాడే పాటలో స్వరం ఒక చోట నిలబడదు. జారుతుంది, ఊగుతుంది, ఏడుస్తుంది. దాన్ని పట్టి హార్మోనియం మెట్ల మీద నిలబెడితే మిగిలేది ఎవరి పాట? కాబట్టి మాది ఒకటే నియమం: వరుస కలపాలి, గొంతు మార్చకూడదు.

ఇంకా పెద్ద విషయం, నడిమి గడి ఎవరిది? పదహారు గళ్లు ఒకే సైజులో ఉండాలని మేం అంటున్నాం. ఉద్యోగం వచ్చినవాడికి పెద్ద గడి, కూలికి పోయినవాడికి చిన్న గడి అయితే ఇక ఆ పాట దేనికి? అక్కలు, చెల్లెళ్ల మాట వినాలి. పాడతాం గాని మొఖం చూపించం, ఇంట్లో ఒప్పుకోరు అంటే బలవంతం వద్దు. వాళ్ల గొంతు ఉంచి, ఆ గడిలో వాళ్లు ఒప్పుకున్న బొమ్మ, చెట్టో, చేతులో, పెట్టాలి. పాట ఎక్కడ చూపిస్తామో, నెట్‌లో పెడతామో లేదో ముందే అందరినీ అడగాలి. ఫోను లేనివాళ్లు ఒకే ఫోన్‌లో ఒకరి తర్వాత ఒకరు పాడొచ్చు.

రెండు అభ్యంతరాలు

ఉద్యోగాలు చూసుకోవాల్సిన వయసులో ఈ పాటలేమిటని కొందరు పెద్దలంటారు. వాళ్ల బాధ మాకు తెలుసు. ఇంట్లో మొదటి డిగ్రీ మీద ఎంత అప్పు, ఎంత ఆశ ఉంటాయో మోస్తున్నది మేమే. కానీ ఎడిటింగ్ తెలిసినవాడు పెళ్లి వీడియోల దగ్గర నుంచి పాఠాల వీడియోల దాకా ఏదో ఒక చోట నాలుగు రూపాయలు సంపాదించగలడు. అది పక్కన పెట్టండి. పాట పాడినంత మాత్రాన చదువు చెడిన హాస్టల్ పిల్లవాణ్ని మేం చూడలేదు. ఒంటరితనంతో చెడినవాళ్లను చూశాం.

స్టూడియోకు ఇస్తే రెండు రోజుల్లో చేసిస్తారు కదా అని ఇంకొందరంటారు. చేసిస్తారు. మెరుపులు, ఎగిరే పూలు కూడా వేసిస్తారు. కానీ విడివిడి ట్రాకులు వాళ్ల దగ్గరే ఉంటాయి. వచ్చే ఏడు ఇంకో గొంతు చేర్చాలంటే మళ్లీ మొదటి నుంచి పైసలే. నేర్చుకున్నది మాత్రం సున్నా. మనమే చేసుకుంటే ఆలస్యం కావచ్చు, కొద్దిగా మొరటుగా ఉండొచ్చు. కానీ పని మనకు వస్తుంది.

మా ప్రతిపాదనలు

ఒకటి, హాస్టల్‌లో ఒక కంప్యూటర్ మీద ఆడాసిటీ, కేడెన్‌లైవ్, హ్యాండ్‌బ్రేక్ ఎక్కించి ఉంచాలి. పాత విద్యార్థులం తలా కొంత వేసుకుని ఒక హార్డ్‌డిస్క్, రెండు జతల తీగ ఇయర్‌ఫోన్లు కొనిద్దాం. రెండు, ప్రతి గొంతునూ పేరుతో, ఊరుతో, సంవత్సరంతో విడిగా దాచాలి. మూడు, ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి నుంచి ఒక తమ్ముడికో చెల్లెకో ఈ పని నేర్పాలి, పదో తరగతి పోయేలోపు వాళ్లు ఇంకొకరికి నేర్పాలి. నాలుగు, చివర్లో వచ్చే పేర్లలో మనకు వండిపెట్టినవాళ్ల పేర్లు, కాపలా కాసినవాళ్ల పేర్లు కూడా ఉండాలి.

అయిదోది అన్నింటికంటే ముఖ్యం. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో చదువు ఆపి, అమ్మానాన్నల వెంట వలస పోయినవాళ్లను వెతికి పట్టుకోవాలి. రిజిస్టరులో వాళ్ల పేరు మీద ఎర్రగీత ఉంది, లెక్కల్లో వాళ్లు డ్రాపవుట్లు. మనలో మంచి పాటగాళ్లు చాలామంది వాళ్లే. సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాళ్లు ఈ హాస్టల్ పిల్లలు కాకుండా పోరు. పుణెలో కట్టే బంగళా మూడో అంతస్తులో, సిమెంటు బస్తాల పక్కన నిలబడి పాడినా సరే, వాళ్లకు ఒక గడి ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ అన్న ప్రశ్నకు మా జవాబు అక్కడి నుంచే వచ్చింది. ఇంకొక గొంతు ఆలస్యంగా వచ్చినా, అది ఎంత పాత ఫోన్లో రికార్డు చేసిందైనా, పైసా అడగకుండా చోటిచ్చే పనిముట్టు కావాలి.

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! దారి చూపే పాట తయారుగా ఉంది. మీ మిత్రుల నంబర్లు వెతకండి. తీగ ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. నాలుగో దెబ్బకు చప్పట్టు కొట్టడం మాత్రం మరవకండి.